తిరిగి చదివే మనిషి

మా ఎదురు ఫ్లాట్ బాబాయ్ గారు పోయారు. గురువారం పొద్దున, పదకొండు దాటాక. ఆ సమయానికి నేను ఆఫీసులో, గాజు గోడల గదిలో, పన్నెండుమందితో కూర్చుని రాబోయే మూడు నెలల్లో ఏమేం చేస్తామో మాట్లాడుతున్నాను. ఫోను బల్ల మీద బోర్లా పెట్టి ఉంది. మా వాచ్‌మన్ మూడుసార్లు చేశాడు. మూడోసారి విసుగొచ్చి, ఫోనులో ముందే రాసి ఉండే జవాబుల్లో ఒకటి నొక్కాను. "మీటింగులో ఉన్నాను, కాసేపట్లో చేస్తాను." ఆ జవాబు ఎవరికి వెళ్తోందో కూడా చూడలేదు. చేయమన్నది ఆయన భార్య, పిన్ని గారని, ఆమె ఆ ఫోను చేతిలో పట్టుకుని చూస్తోందని తర్వాత తెలిసింది.

మీలో ఎవరికీ ఆయన తెలిసే అవకాశం లేదు. ఆయన పనిచేసిన సినిమాలు మీరు చూసే ఉంటారు గానీ, ఆయన పేరు ఎక్కడా వేయలేదు. ఆయన నెగటివ్ కటర్. ఆ పని ఇప్పుడు లేదు. నాకు బంధువు కారు, గురువు కారు. నాలుగేళ్లు ఎదురెదురు తలుపుల్లో ఉన్నాం, అంతే. అయినా ఈ నాలుగు మాటలు రాయకపోతే నాకు ఊపిరాడేలా లేదు. ఆయన గురించి చెప్పాలంటే నేను చేసిన ఒక తప్పు కూడా చెప్పాలి. అది చివర్లో చెబుతాను, పారిపోను.

ఫిల్మ్‌నగర్‌లో ఇల్లు వెతుక్కునే రోజుల్లో, ఒంటరిగా ఉండే ఆడపిల్లననేసరికి ఓనర్లు అడిగిన ప్రశ్నలు మా కంపెనీ ఇంటర్వ్యూలో కూడా ఎవరూ అడగలేదు. కొండ దిగువ సందులో, మూడో అంతస్తులో ఆ సింగిల్ బెడ్‌రూమ్ చూపిస్తూ ఓనరు నసుగుతున్నాడు. అంతలో ఎదురు తలుపు తెరుచుకుంది. తెల్ల లాల్చీ, ముక్కు చివరికి జారిన కళ్లద్దాలు, చేతిలో వడియాల పళ్లెం. "ఇవ్వవయ్యా. ఎదురుగా మేం లేమూ? మేం చూసుకుంటాం" అన్నారు. నేను థ్యాంక్యూ అంకుల్ అన్నాను. "అంకుల్ ఏంటమ్మాయ్, డబ్బింగ్ సినిమాలాగా. బాబాయ్ అను" అన్నారు. వాళ్లది తెనాలి వైపు. చిన్న వయసులో మద్రాసు వెళ్లి, పరిశ్రమతో పాటు హైదరాబాదు వచ్చేశారు. పిల్లలు లేరు. మాది సిద్దిపేట దగ్గర పల్లె. నేను ఏంది అంటే ఆయనకి నవ్వు, ఆయన ఏంటండీ అంటే నాకు నవ్వు.

నెగటివ్ కటింగ్ అంటే ఏమిటో ఆయన నాకు మా వంటింటి గట్టు మీద, రెండు పాత రిబ్బన్లు పెట్టి చెప్పారు. ఎడిటరు కోసి అతికి ఆడుకునేదంతా రష్ ప్రింట్ అనే నకలు మీద. అది పాడైతే ఇంకో ప్రింటు వేసుకోవచ్చు. కెమెరాలోంచి వచ్చిన అసలు నెగటివ్ మాత్రం ఒక్కటే ఉంటుంది. ఎడిటింగ్ పూర్తయ్యాక, రష్ ప్రింట్ అంచున ఉండే నంబర్లు చూసుకుంటూ ఆ నెగటివ్‌ని సరిగ్గా అక్కడే కోయాలి. తప్పు కోస్తే ఆ షాటు పోయినట్టే. హీరో చచ్చిపోయి ఉండొచ్చు, సెట్ పీకేసి ఉండొచ్చు, వాన మళ్లీ పడకపోవచ్చు. అందుకని ఆ గదిలో ఎప్పుడూ ఇద్దరు ఉంటారు. ఒకరు ప్రింట్ మీది నంబరు పైకి చదువుతారు. రెండోవారు నెగటివ్ మీది నంబరు తిరిగి చదువుతారు. రెండూ ఒకటైతేనే కత్తెర ముట్టుకోవాలి.

"చదివేటప్పుడు చేతులు ఎక్కడుండాలి?" అని అడిగారు నన్ను, బళ్లో పంతులులాగా.

"ఏమో బాబాయ్, కత్తెర మీద ఉండాల్నా?"

"ఒళ్లో ఉండాలి. కత్తెర మీద చెయ్యుంటే చెవి పనిచేయదు."

ఇంకో మాట కూడా అనేవారు. తెగినదాన్ని ఫిల్మ్ సిమెంటనే జిగురు పూసి అతకొచ్చు, కానీ అతికిన ప్రతిచోటా ఇటో ఫ్రేము, అటో ఫ్రేము పోతాయి, తెర మీద ఎవరికీ కనిపించదు గానీ పోయిందని కోసినవాడికి తెలుస్తుంది అని. ఇది ఆయన అతకడం గురించే చెప్పారు. నేనిప్పుడు వేరే విషయాల్లో గుర్తు చేసుకుంటున్నాను.

మరి నా పని. పెద్ద కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరంటే మా ఊళ్లో ఇప్పటికీ కంప్యూటర్లు తయారు చేస్తాననుకుంటారు. బాబాయ్ గారు మాత్రం కూర్చోబెట్టి అడిగారు.

"రోజంతా ఏం చేస్తావమ్మాయ్?"

"కోడ్ రాస్తం బాబాయ్."

"రోజంతానా?"

"రోజంతా మీటింగులుంటయ్. మధ్యల టైం దొరికితే రాస్తం."

"మా డైరెక్టర్లూ అంతే" అన్నారు.

నేను చేరింది వేలమంది పనిచేసే చోట. దేశదేశాల గోదాముల నుంచి సరుకులు ఎక్కడికి ఎలా వెళ్లాలో చెప్పే సాఫ్ట్‌వేర్ మాది. అందులో నా వంతు గోరంత. నేను రాసినదాన్ని ఎవరు వాడతారో నాకు తెలియదు, నా పై పైవాడి మొహం నేను కంప్యూటర్ తెర మీద తప్ప చూడలేదు. ఏడాది కష్టపడి కట్టినదాన్ని ఒక రోజు ఎవరో వద్దన్నారని తీసేశారు, దానికి మళ్లీ అందరం కలిసి కేకు కోశాం. బాగా చేస్తే చేసినట్టే ఎవరికీ తెలియదు. తప్పు చేస్తే నలభైమంది ఒకేసారి లైన్లోకి వస్తారు. ఈ చివరి మాట చెప్పినప్పుడు బాబాయ్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "అయితే మనదొకటే పని" అన్నారు. అప్పటివరకు మా ఇంట్లోవాళ్లతో సహా ఎవరూ నాతో ఆ మాట అనలేదు. రాసిన కోడ్‌ని వాడుకలోకి వదలడాన్ని మా ఆఫీసులోనూ రిలీజ్ అనే అంటారని తెలిసి ఆయనకి ఎంత సంబరమో. కింద కొట్టువాడికి కూడా చెప్పారు, మా అమ్మాయికి శుక్రవారం రిలీజ్ అని. వాడు హీరో ఎవరండీ అని అడిగాడట.

ఆ ఇంటికొచ్చిన మొదటి ఏడాది నేను ఒక పెద్ద తప్పు చేశాను. సోమవారం, శుక్రవారం మాకు ఇంటి నుంచి పని. ఒక శుక్రవారం మధ్యాహ్నం, ఒక గోదాముకి చెందిన పాత జాబితా తీసేయబోయి, పక్క గోదాముది తీసేశాను. నంబరులో ఒక్క అంకె తేడా. అక్కడెక్కడో సముద్రాల అవతల లారీలు గంటన్నర ఆగిపోయాయి. ఎవరినీ తప్పుపట్టడానికి కాదు, ఎలా జరిగిందో తెలుసుకుందామని మా మేనేజరు చాలా మర్యాదగా అంటూ ఉంటే, తెర మీద నలభై మొహాలు నన్నే చూస్తున్నాయి. అది అయ్యాక వరండాలోకి వచ్చి ఏడ్చాను. బాబాయ్ గారు తులసికి నీళ్లు పోస్తున్నారు.

"ఎవరికి చదివి వినిపించావు?" అన్నారు అంతా విని.

"ఎవ్వరికీ లేదు బాబాయ్."

"రెండో మనిషి ఉండడా మీకు?"

"ఉంటడు. బెంగుళూర్ల ఉంటడు. కంప్యూటర్ల అప్రూవ్ అని నొక్కిండు."

"చదివే నొక్కాడా?"

"లేదు. నేనే రాసిన గదా, కరెక్టే ఉంటదనుకున్నడు."

ఆయన చెంబు కింద పెట్టారు. "నువ్వేమో అతను చూస్తాడనుకున్నావు. అతనేమో నువ్వు చూశావనుకున్నాడు. ఇద్దరూ మంచివాళ్లే. కత్తెర మాత్రం కోసేసింది." మళ్లీ చెంబు అందుకుంటూ, "కంగారులో ఉన్నవాడు ఉన్నది చదవడమ్మాయ్, తనకి కావలసింది చదువుకుంటాడు" అన్నారు.

ఆ తర్వాత సోమవారమే వాళ్లింట్లోంచి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి నా బల్ల పక్కన వేసుకున్నారు. ఆ రోజు నుంచి మా ఇద్దరి పద్ధతి అది. ఏదైనా మార్చబోయే ముందు నేను ఎదురు తలుపు కొట్టేదాన్ని. ఆయన వచ్చి, మార్చమని ఆఫీసు నుంచి వచ్చిన మెయిల్లో ఉన్న నంబర్లను ఒక కాగితం మీద తన చేత్తో రాసుకునేవారు. నేను టైపు చేసినదాన్ని తెర మీద చూసి పైకి చదివేదాన్ని. ఆయన కాగితం చూసి తిరిగి చదివేవారు. ఇంగ్లీషు అక్షరాలకి ఒక్కొక్క మద్రాసు స్టూడియో పేరో, ఊరి పేరో జోడించేవారు. టి అంటే తెనాలి, సి అంటే చీరాల. ఆఫీసు గుట్టు బయటపెట్టిందని ఎవరూ కంగారుపడకండి. అవి ఉత్త అంకెలు, పొడి అక్షరాలు. తెలిసినవాళ్లకే అర్థం కావు.

రెండుసార్లు నన్ను కాపాడారు. ఒకసారైతే ఎంటర్ నొక్కడానికి వేలు దిగుతోంది. "ఆగు. నువ్వు చదివింది ఏడు, నేను రాసుకుంది ఒకటి. చేతులు ఒళ్లో పెట్టు" అన్నారు. నేను చేతులు ఒళ్లోకి లాక్కున్నాను. ఆయన మాత్రం పిన్ని గారిని కేకేసి, "ఇదిగో, అమ్మాయికి కాస్త మజ్జిగ" అన్నారు. మా టీములో రెండున్నరేళ్లు ఒక్క తప్పు కూడా చేయని మనిషిని నేనొక్కదాన్నే. ఆ ఏడాది నాకిచ్చిన మెచ్చుకోలు పత్రం ఆయన చేతిలో పెడితే, అటూ ఇటూ తిప్పి చూసి, "అక్షరదోషాల్లేవు, బాగుంది" అన్నారు.

ఆయన సినిమా హాలుకి వచ్చేవారు కాదు. ఇంట్లో టీవీలో పాత సినిమా వస్తే కథ వదిలేసి అతుకులు చూసేవారు. ఫలానా చోట ఆయన, ఆయన సహచరుడు ఎంత సేపు గొడవపడి కోశారో చెప్పేవారు. ఆ సహచరుడు కృష్ణానగర్‌లో ఒక గదిలో ఉంటూ చనిపోయారు. మూడు దశాబ్దాలు ఒకరికొకరు నంబర్లు చదువుకున్నారు. "వాడు పోయాక నాకు తిరిగి చదివేవాడు లేకపోయాడమ్మాయ్. కూరగాయల చీటీ కూడా నేనే రాసి నేనే చదువుకోవాల్సి వచ్చింది. మీ పిన్నికేమో అంత ఓపిక లేదు" అన్నారోసారి. అందుకే ఎర్ర కుర్చీ తెచ్చుకున్నారని నాకు అప్పుడు అర్థమైంది. ఆయన నాకు సాయం చేస్తున్నారని నేననుకున్నాను. ఆయనకీ అది కావలసి వచ్చింది.

ఇక చెప్పాల్సింది చెబుతాను.

నిరుడు చలికాలంలో మా కంపెనీలో మనుషుల్ని తీసేయడం మొదలైంది. ఒక బుధవారం పొద్దున మెయిల్ వచ్చింది. మధ్యాహ్నానికి మా వరసలో ఐదు కుర్చీలు ఖాళీ. బెంగుళూరులో అప్రూవ్ నొక్కే అబ్బాయి కూడా వెళ్లిపోయాడు. ఆఫీసు చాట్‌లో పేరు పక్కన పచ్చచుక్క ఆరిపోయింది, అంతే. మిగిలినవాళ్లం ఇంకా ఎక్కువ నవ్వుతూ, ఇంకా తొందరగా జవాబులిస్తూ, ఒంట్లో బాగాలేకపోయినా కెమెరా ముందు కూర్చుంటూ బతికాం. నేను బాబాయ్ గారికి చెప్పుకున్నాను. ఆయన తన కథ చెప్పారు. డిజిటల్ వచ్చినప్పుడు వాళ్లకు మెయిల్ కూడా రాలేదట. ఒక పొద్దున ల్యాబుకి వెళ్తే గదికి తాళం. లోపల ఆయన తెల్ల చేతితొడుగులు ఉండిపోయాయి. అవి ఇమ్మని అడగడానికి మొహమాటపడి వచ్చేశారు. "నువ్వు మాత్రం జాగ్రత్తగా ఉండు. సెలవలు గిలవలు పెట్టకు ఇప్పుడు" అని ఆయనే నాతో అన్నారు.

అన్న కొన్నాళ్లకే ఆయనకి కడుపులో నొప్పి మొదలైంది. ఒక రోజు కాగితం మడుస్తూ అడిగారు. "ఓ సోమవారం ఖాళీ చేసుకుంటావా? డాక్టరు దగ్గరికి వెళ్దాం. ఆయన చెప్పింది నువ్వు విని తిరిగి చదవాలి. మీ పిన్నికి ఆసుపత్రి మెట్లెక్కితేనే బీపీ."

"తప్పకుండ బాబాయ్. ఈ రిలీజ్ అయిపోనియ్యి."

రిలీజ్ అయింది. ఆ తర్వాత వారం సిస్టమ్ కాపలా నా వంతు. "వచ్చే సోమవారం పోదాం బాబాయ్, పక్కా." ఆ తర్వాత ఏడాది చివరి మార్కులు వేసే రోజులు. కుర్చీలో కనబడనివాళ్ల మీదే ముందు వేటు పడుతుందని మాలో మాకు ఒక భయం. "ఇంకొక్క నెల, ఏమనుకోకు" అన్నాను. "నాకేం తొందర? నీ ఉద్యోగం చూసుకో" అన్నారు ప్రతిసారీ. ఒక్కరే వెళ్లొచ్చు కదా అని మీరనొచ్చు. రెండో మనిషి లేకుండా కత్తెర ముట్టుకోని మనిషి. డాక్టరు మాట ఒక్కరే విని ఏం చేయను అనేవారు. ఈలోగా లాల్చీ వదులైంది. ఎంతో ఇష్టమైన జంతికలు తినడం మానేశారు. నేను చూస్తూనే ఉన్నాను. అలా నాలుగు నెలలు గడిచిపోయాయి.

చివరికి ఒక సోమవారం, మధ్యాహ్నం భోజనాల వేళ గంటన్నర సందు చేసుకుని తీసుకెళ్లాను. సెలవు పెట్టలేదు. మూడింటికి నాకు మీటింగు ఉంది. ఆసుపత్రిలో మా వంతు వచ్చేసరికి రెండూ నలభై. డాక్టరు గారు నెమ్మదైన మనిషి, అడగాల్సిందే అడిగారు.

"ఎన్నాళ్ల నుంచి ఉందండీ నొప్పి?"

బాబాయ్ గారు నా వైపు చూశారు. నా చేతిలో ఫోను మోగకుండా వణుకుతోంది. చూసి, తల తిప్పుకుని, "ఓ రెండు వారాలండీ" అన్నారు.

జీవితంలో ఒక్క నంబరు తప్పు చదవని మనిషి. నాలుగు నెలలని చెబితే, ఇన్నాళ్లూ ఏం చేశారని డాక్టరు గారు అడుగుతారు. అప్పుడు నేను అక్కడ కూర్చుని ఉండాలి. అది నాకు రాకూడదని ఆయన తప్పు చదివారు.

"బరువేమన్నా తగ్గారా?"

"వయసు కదండీ, మామూలే."

డాక్టరు గారు నన్ను చూశారు. "మీరు అమ్మాయా? ఇంకేమన్నా చెప్పాల్సింది ఉందా?"

ఇది నా వంతు. నన్ను రమ్మన్నదే దీనికి. తప్పు చదివారు, రెండు వారాలు కాదు, నాలుగు నెలలు అనాలి. నాకు సిగ్గేసింది. ఇంకో నిజం కూడా చెబుతాను, ఇది రాయడానికి చేయి రావడం లేదు. గోడ మీద రెండూ నలభై ఎనిమిది అయింది. నాలుగు నెలలంటే పరీక్షలంటారు, స్కానంటారు, మూడింటికి నేను అందుకోలేను. ఈ లెక్క నా తలలో తిరిగింది. తిరగలేదని ఎవరి ముందూ అనలేను.

"లేదు డాక్టర్" అన్నాను.

డాక్టరు గారు అరుగుదలకి మాత్రలు రాసి, నెలలో తగ్గకపోతే రండి, స్కాన్ చేద్దాం అన్నారు. రెండు వారాల నొప్పికి ఎవరైనా అంతే రాస్తారు. ఆటోలో ఫోను చెవిలో పెట్టుకుని మీటింగులోకి వెళ్లాను. మధ్యలో బాబాయ్ గారు మోచేతితో పొడిచి, చీటీ చూపించి, తిరిగి చదవమన్నారు. గొంతు మ్యూట్ చేసి చదివాను. పొద్దున ఒకటి, పరగడుపున. "కరెక్ట్" అన్నారు. నా మాటకి ఆయన అన్న చివరి కరెక్ట్ అదే.

నెల తర్వాత స్కాన్ చేశారు. క్యాన్సర్. అప్పటికే కాలేయం దాకా పాకింది. ఒక నెల ముందు తెలిసుంటే తేడా ఉండేదా అని నేను డాక్టరు గారిని పక్కకు పిలిచి అడిగాను. "చెప్పలేమమ్మా. కొందరికి ఉంటుంది, కొందరికి ఉండదు" అన్నారు. నన్ను నేను క్షమించుకోవడానికీ, శిక్షించుకోవడానికీ కూడా ఆ మాట చాలదు. ఆ మధ్యాహ్నమే మా మేనేజరుకి రెండు వారాలు సెలవు కావాలని రాశాను. నిమిషం తిరక్కుండా జవాబు వచ్చింది. "తప్పకుండా. ఇంట్లోవాళ్ల కంటే ఏదీ ఎక్కువ కాదు. జాగ్రత్త." కింద ఎర్ర గుండె బొమ్మ. నాలుగు నెలలు అడగడానికి భయపడిన సెలవు ఒక్క నిమిషంలో వచ్చింది. ఆ ఫోను గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు, అది కంపెనీ ఫోను.

ఆ రెండు వారాలు ఆయన మంచం పక్కనే ఉన్నాను. మాత్రల పేర్లు నేను చదివితే ఆయన తిరిగి చదివేవారు. గొంతు తగ్గాక పెదాలు మాత్రం కదిపేవారు. ఒక రోజు ధైర్యం చేశాను.

"బాబాయ్, ఆ రోజు డాక్టర్ అడిగినప్పుడు నేను చెప్పాల్సి ఉండె."

"ఏ రోజు?" అన్నారు, తెలియనట్టు.

నేను దుప్పటి కొస పట్టుకుని నలుపుతున్నాను. ఆయన నా చేతి మీద చెయ్యి వేశారు. ఆ చేతిలో బరువు లేదు.

"కోసేసినదాని గురించి కత్తెర పట్టుకుని కూర్చోకమ్మాయ్. చేతులు ఒళ్లో పెట్టుకో."

పెట్టుకున్నాను. సెలవు అయిపోయిన రోజు ఇంక వెళ్లమని ఆయనే అన్నారు. మూడు నెలల ప్లానింగ్ ఉందన్నావుగా, నువ్వు లేకపోతే ఎలా అన్నారు. గురువారం పొద్దున తలుపులోంచి చెయ్యి ఊపి వెళ్లాను. ఆ తర్వాత సంగతి మొదట్లోనే చెప్పాను.

పదకొండో రోజు కార్యక్రమం అయ్యాక పిన్ని గారు గోడ మీది తెలుగు క్యాలెండర్లు రెండు, నిరుటిది, ఈ ఏటిది తీసి నా చేతిలో పెట్టింది. "ఆయన రాతలు నాకెందుకు, నువ్వు ఉంచుకో" అంది. పాలవాడి నాగాల పక్కన ఎర్ర పెన్సిల్‌తో చిన్న చుక్కలు. నొప్పి వచ్చిన ప్రతి రోజుకీ ఒక చుక్క. మొదటి చుక్క నిరుటి క్యాలెండర్‌లోనే ఉంది. మూడు సోమవారాల గళ్లలో ఆయన ముత్యాల్లాంటి రాత: "అమ్మాయికి పని. వచ్చే సోమవారం." ఫిర్యాదు లేదు, ఆశ్చర్యార్థకం లేదు. ల్యాబులో రోజువారీ లెక్కల పుస్తకం రాసినట్టు రాసుకున్నారు.

నేను అక్కడే నేల మీద కూలబడి మొత్తం చెప్పేశాను. రెండు వారాలన్నారని, నేను కాదనలేదని, మూడింటి మీటింగని, అంతా. పిన్ని గారు నన్ను తిడుతుందని, తిట్టాలని అనుకున్నాను.

"నాకు తెలుసు తల్లీ. ఆ రోజే ఇంటికొచ్చి చెప్పారు. పిల్ల ముందు నాలుగు నెలలని ఎలా అనను అన్నారు. పోనీ మళ్లీ వెళ్లి చెప్పండి అని నేనన్నా అనాల్సింది. మాత్రలతో తగ్గుతుందిలే అనుకున్నా." కొంగుతో నా మొహం తుడిచింది. "ముగ్గురం ఊరుకున్నాం."

అంతకంటే పెద్ద ఓదార్పూ, అంతకంటే పెద్ద శిక్షా నాకు ఎవరూ ఇవ్వలేరు.

క్యాలెండర్‌లో తర్వాతి నెల పేజీ తిప్పితే ఒక శుక్రవారం చుట్టూ నీలం సిరా గీత ఉంది. "అమ్మాయికి రిలీజ్. ఇంట్లో ఉండాలి."

ఆ శుక్రవారం మొన్ననే వచ్చింది. మధ్యాహ్నం రెండున్నరకి, చేయాల్సిన మార్పు టైపు చేశాను. నంబర్లు కాగితం మీద రాసి ఎర్ర కుర్చీలో పెట్టాను. తలుపు తెరిచే ఉంచాను, ఎందుకో నాకే తెలియదు. ఖాళీ కుర్చీ వైపు తిరిగి పైకి చదివాను. చదవడం అయ్యాక కూడా చెయ్యి కీబోర్డు మీదికి పోలేదు. ఎదురింట్లో స్టీలు గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. పిన్ని గారు తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. నన్నూ, కుర్చీనీ చూసింది. కాగితం చేతిలోకి తీసుకుని ఆ కుర్చీలో కూర్చుంది. ఆయన కళ్లద్దాలు ఆమె మెళ్లో తాడుకి వేలాడుతున్నాయి. పెట్టుకుంది.

"నాకు ఇంగ్లీషు రాదు. అంకెలు వచ్చు" అంది. "మళ్లీ మొదట్నుంచి చదువు."

చదివాను. ఆమె ఒక్కొక్క అంకె కింద వేలు పెట్టుకుంటూ, తడబడుతూ, తిరిగి చదవడం మొదలుపెట్టింది. ఎనిమిది. సున్నా. మూడు. చివరి అంకె దగ్గర ఆగింది. వేలు కదలలేదు. కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"నాలుగు" అంది. తెర మీద కూడా నాలుగే.

నా చేతులు ఒళ్లోనే ఉన్నాయి.